‘బీపీ మందు మీద ఉన్నారు’ అంటే ఏంటి?

సెప్సిస్, ఐసీయూ చికిత్స గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నలకు జవాబులివి. క్రిటికల్ కేర్ డాక్టరు, ఐసీయూ నర్స్ ఇన్‌చార్జి, ఫిజియోథెరపిస్ట్ కలిసి రాశారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒక చోట చేర్చాం.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే మూడు రోజులు మాత్రలు వేశాం. నాలుగో రోజు పొద్దున్నే పలకరిస్తే పొంతన లేకుండా మాట్లాడారు. గుంటూరు తీసుకొస్తే సెప్సిస్ అన్నారు, అవయవాలు దెబ్బతింటున్నాయన్నారు. రక్తంలో విషం కలిసిందని చుట్టాలంటున్నారు. ముందే కనిపెట్టే దారి లేదా?
— పాఠకుడు, సత్తెనపల్లి

జవాబు: ‘రక్తంలో విషం’ పాత మాట, సగమే నిజం. క్రిమి రక్తంలోకి రాకుండానే సెప్సిస్ రావచ్చు. ఇన్‌ఫెక్షన్ ఎక్కడో ఒకచోట ఉంటుంది: కిడ్నీలోనో, ఊపిరితిత్తిలోనో, కాలి పుండులోనో. దాని మీద ఒళ్లు మొదలుపెట్టిన యుద్ధం అదుపు తప్పి సొంత అవయవాల మీదికే మళ్లుతుంది. సన్న రక్తనాళాలు సడలిపోతాయి, గోడల్లోంచి నీరు ఊరిపోతుంది, బీపీ జారుతుంది. పుండు పాదంలో ఉంటే మూత్రం ఎందుకు ఆగిందని అడుగుతుంటారు, కారణం ఇదే. 2016 నుంచి ప్రపంచమంతా వాడుతున్న నిర్వచనం ప్రకారం ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతింటేనే సెప్సిస్ అనాలి. ఊపిరితిత్తులు, రక్తం, కాలేయం, గుండె–రక్తప్రసరణ, మెదడు, కిడ్నీ ఈ ఆరింటికీ సున్నా నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మామూలుగా ఉన్న మనిషికి ఆ మొత్తం 2 పెరిగిందంటే సెప్సిస్ కిందే లెక్క.

ఇంట్లో చూడాల్సినవి ఉన్నాయి. మనిషికి చెప్పకుండా, వాచీ పెట్టుకుని నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. 22 గానీ అంతకు మించి గానీ ఉంటే మంచిది కాదు. పై బీపీ 100 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నా, మాట తడబడినా, మగతగా పడి ఉన్నా ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. ఈ మూడూ లేవు కాబట్టి సెప్సిస్ లేదనుకోవడం మాత్రం తప్పు. ఈ మూడు గుర్తుల పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు డాక్టర్లకే చెప్పాయి. పళ్లు టకటకలాడేంత వణుకు, పొద్దుటి నుంచి మూత్రానికి వెళ్లకపోవడం, అరచేతులు చల్లబడటం, మోకాళ్ల మీద చర్మం వల అల్లినట్టు నీలంగా మచ్చలు తేలడం కూడా గుర్తులే.

మన ఇళ్లల్లో అందరూ పడే పొరపాటు ఇంకోటుంది. ‘రాత్రి నుంచి జ్వరం తగ్గింది, ఒళ్లు చల్లగా ఉంది’ అని ఊపిరి పీల్చుకుంటారు. పెద్దవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో సెప్సిస్ ముదిరినప్పుడు ఒళ్లు చల్లబడొచ్చు. జ్వరం తగ్గినా మనిషి తేరుకోలేదంటే ఆ తగ్గడానికి సంతోషించకూడదు.

మీ నాన్నగారి విషయంలో ఒకటి తప్పక అడగండి: స్కానింగ్‌లో కిడ్నీ నుంచి వచ్చే గొట్టానికి రాయి అడ్డుపడిందా, కిడ్నీలో చీము గానీ గాలి బుడగలు గానీ ఉన్నాయా? అడ్డు ఉంటే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించినా మూసుకుపోయిన కాల్వలో బ్లీచింగ్ చల్లినట్టే. స్టెంట్ వేసో, వీపు వైపు నుంచి పైపు పెట్టో చీము బయటికి తీయాలి. అదీ రెండు రోజులు ఆగి కాదు, వీలైనంత వరకు అదే రోజు. కాలి పుండైనా, పిత్తాశయమైనా, పేగుకు చిల్లు పడినా ఇదే సూత్రం. ‘మూలం ఎక్కడుంది, దాన్ని తీశారా?’ అన్నది కుటుంబం అడగాల్సిన మొదటి ప్రశ్న.

ప్రశ్న: మావారు ఐసీయూలో ఉండి ఇవాళ్టికి మూడో రోజు. ‘బీపీ మందు మీద ఉన్నారు’ అంటారు తప్ప వివరం చెప్పరు. పంపు మీద నిన్న 5 కనిపించింది, ఇవాళ 4 ఉంది. తగ్గినట్టేనా?
— గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తగ్గి ఉండొచ్చు, పెరిగి కూడా ఉండొచ్చు. ఎలాగో చూడండి.

ఆ మందు దాదాపుగా నార్‌ఎడ్రినలిన్ అయి ఉంటుంది. సడలిన రక్తనాళాలను బిగించి బీపీని నిలబెడుతుంది. 50 మి.లీ. సిరంజిలో కలిపి పంపుకు బిగిస్తారు. పంపు చూపించేది గంటకు ఎన్ని మి.లీ. వెళ్తోందన్నదే, అది మందు మోతాదు కాదు. సిరంజిలో 4 మి.గ్రా. కలిపితే ఒక్కో మి.లీ.లో 80 మైక్రోగ్రాములు ఉంటాయి. గంటకు 5 మి.లీ. అంటే 400 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి ఇది నిమిషానికి, కిలోకి సుమారు 0.11 మైక్రోగ్రాము. ఇప్పుడు అదే సిరంజిలో 8 మి.గ్రా. కలిపారనుకోండి. దీన్నే ఐసీయూలో ‘డబుల్ స్ట్రెంగ్త్’ అంటారు. అప్పుడు పంపు మీద 4 అంటే 640 మైక్రోగ్రాములు, అంటే 0.18 దాకా. అంకె తగ్గింది, మందు మాత్రం సగానికి పైగా పెరిగింది. కాబట్టి సిస్టర్‌ని ఇలా అడగండి: ‘సిరంజి సింగిలా డబులా? కిలోకి ఎంత పోతోంది?’ సిరంజికి అంటించిన లేబుల్ మీద ఎన్ని మి.గ్రా. ఎంతలో కలిపారో రాసి ఉంటుంది.

ఎంత ఉంటే కంగారు పడాలన్నది తర్వాతి ప్రశ్న. మోతాదు 0.25 దగ్గరికొస్తే మామూలుగా రెండో మందుగా వాసోప్రెసిన్ కలుపుతారు. దాన్ని నిమిషానికి 0.03 యూనిట్ల చొప్పున ఇస్తారు, మొదటి మందులా పెంచుకుంటూ పోరు. నార్‌ఎడ్రినలిన్ 0.25 మీద నాలుగు గంటలు దాటినా బీపీ నిలవకపోతే హైడ్రోకార్టిజోన్ రోజుకు 200 మి.గ్రా. ఇస్తారు, సాధారణంగా ఆరు గంటలకోసారి 50 చొప్పున. ‘స్టెరాయిడ్ ఎక్కిస్తున్నారు’ అని బెదిరిపోనక్కర్లేదు, ఇది షాక్‌కు, అంటే బీపీ నిలవని స్థితికి, వాడే మోతాదు. షుగర్ మాత్రం పెరుగుతుంది. 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెడతారు.

మానిటర్ మీద బీపీ పక్కన బ్రాకెట్లో ఇంకో అంకె కనిపిస్తుంది. అది సగటు పీడనం. కింది బీపీని రెండుతో హెచ్చవేసి, పై బీపీ కలిపి, మూడుతో భాగిస్తే వస్తుంది. 65కి తగ్గకుండా చూడటం లక్ష్యం. 90/50 అయితే 63, చాలదు. 100/50 అయితే 67, సరిపోతుంది. పై బీపీ 130 చేయాలని పంపు పెంచరు. అవసరానికి మించి బిగిస్తే వేళ్ల చివర్లకు రక్తం అందదు. వేళ్లు నల్లబడుతున్నట్టు మీకు కనిపిస్తే వెంటనే చెప్పండి, దుప్పటి కింద ఉన్న పాదాలను మీరే ముందు గమనిస్తారు.

సెలైన్ సంగతి కూడా చాలామంది అడిగారు. బీపీ పడిపోయినప్పుడు మొదటి మూడు గంటల్లో కిలోకి కనీసం 30 మి.లీ. ఎక్కించమంటారు. 60 కిలోలకు 1,800 మి.లీ., నాలుగు అరలీటరు బాటిళ్లకు కాస్త తక్కువ. మామూలు సెలైన్ కన్నా రింగర్ లాక్టేట్ లాంటివి మేలు. ఆ తర్వాత ‘నీరసంగా ఉన్నారు, ఇంకో బాటిల్ పెట్టండి’ అని అడగడం మంచిది కాదు. నాళాల గోడలు కారుతున్నాయి కదా, ఎక్కించిన నీరంతా ఊపిరితిత్తుల్లోకి, చర్మం కిందికి చేరుతుంది. మూడో రోజుకు మొహం, చేతులు ఉబ్బి గుర్తుపట్టలేనట్టు కావడం దానివల్లే.

రోజూ డాక్టరు పిలిచి మాట్లాడినప్పుడు నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి: నార్‌ఎడ్రినలిన్ కిలోకి ఎంత, లాక్టేట్ (అవయవాలకు రక్తం చాలనప్పుడు పెరిగే ఆమ్లం) ఎంత, గత 24 గంటల్లో మూత్రం ఎంత, ఆక్సిజన్ ఎంత శాతం మీద ఉన్నారు. లాక్టేట్ 2 లోపు రావాలి. మూత్రం గంటకు కిలోకి అర మి.లీ. ఉండాలి, 60 కిలోలకు గంటకు 30. ఒక రోజు అంకెలతో ఏమీ తేలదు, మూడు రోజుల అంకెలు పక్కపక్కన పెడితే దారి కనిపిస్తుంది. ‘సీరియస్‌గానే ఉంది’ అన్న ఒక్క ముక్కతో పంపించేసే డాక్టరు కూడా ఈ కాగితం చూస్తే కుర్చీ చూపిస్తాడు.

ప్రశ్న: అమ్మకు జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. పెద్దాసుపత్రిలో చేర్చాక బ్లడ్ కల్చర్ పంపారు. అయిదో రోజు ‘నో గ్రోత్’ అని వచ్చింది. క్రిమే లేనప్పుడు యాంటీబయాటిక్ ఎందుకు? పైగా మధ్యలో మందు మార్చారు.
— పాఠకురాలు, తెనాలి

జవాబు: కల్చర్ అంటే రక్తాన్ని సీసాలో పోసి క్రిమి పెరుగుతుందేమో చూడటం. ‘నో గ్రోత్’ అంటే క్రిమి లేదని కాదు, సీసాలో మొలకెత్తలేదని. మూడు రోజులు ఇంజెక్షన్లు పడ్డాక తీసిన రక్తంలో క్రిమి సగం చచ్చి ఉంటుంది, మొలవదు. జ్వరమొస్తే కల్చర్‌కు రక్తం తీయకముందే ఇంజెక్షన్ పొడిపించుకోవడంలో పెద్ద నష్టం ఇదే. ఏ క్రిమితో పోరాడుతున్నామో ఇక ఎవరికీ తెలియదు.

తీసే పద్ధతిలో కూడా తప్పులు జరుగుతాయి. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మి.లీ. రక్తం పడాలి. రెండు చేతుల నుంచి విడివిడిగా రెండు సెట్లు తీయాలి. ‘పాపం, ఎంత రక్తం తీస్తారు’ అని బతిమాలి రెండు మి.లీ.తో సరిపెట్టిస్తే ఆ పరీక్ష దండగ, ఎందుకంటే ఒక మి.లీ. రక్తంలో క్రిములు ఒకటో రెండో ఉండొచ్చు. చర్మానికి మందు రాసి ఆరనివ్వాలి. తడిగా ఉండగానే గుచ్చినా, ముందే ఉన్న క్యాన్యులా నుంచి లాగినా చర్మం మీది క్రిములు సీసాలో పడి రిపోర్టు దారి తప్పిస్తుంది. ఒకే సీసాలో స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే క్రిమి వచ్చిందంటే చాలాసార్లు అది చర్మానిదే.

షాక్‌లో ఉన్న మనిషికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. కల్చర్‌కు రక్తం తీసేసి, రిపోర్టు కోసం ఆగకుండా ఇస్తారు. అప్పటికి క్రిమి పేరు తెలియదు కాబట్టి పెద్ద వల వేస్తారు: మెరోపెనెమ్ లాంటివి. రెండు మూడు రోజులకు పేరు తెలిస్తే చిన్న మందుకు దిగుతారు. అంటే మందు మార్చడం మంచి సంకేతమే కావచ్చు. మెరోపెనెమ్‌కు కూడా లొంగని క్లెబ్సియెల్లా అనే క్రిమి మన ఐసీయూల్లో కనిపిస్తోంది. అప్పుడు కొలిస్టిన్ లాంటివి వాడాల్సి వస్తుంది. అది కిడ్నీల మీద దెబ్బ కొడుతుందని తెలిసే వాడతారు, రోజూ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు.

‘కోర్సు 14 రోజులు పూర్తి చేయాలి’ అన్న పట్టుదల కూడా ఇప్పుడు సడలింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లలో 7 రోజులు, 14 రోజులు పోల్చిన పెద్ద అధ్యయనం 2024లో వచ్చింది. మరణాల్లో 7 రోజులు ఏమీ తీసిపోలేదని తేలింది. స్టెఫైలోకాకస్ ఆరియస్ క్రిమి, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, బయటికి తీయని చీముగడ్డ ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇప్పుడు ముసురు పట్టినా భయమే. జ్వరమొచ్చి కళ్లు పచ్చబడితే మా వీధిలో పసరు మందుకు తీసుకెళ్తారు. సరైనదేనా?
— సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: కాదు. వరద నీళ్లలో నడిచిన మనిషికి మామూలుగా వారం, రెండు వారాల లోపు జ్వరం, పిక్కలు పట్టుకుంటే అరిచేంత నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబడటం, ఆ తర్వాత పచ్చదనం వస్తే ముందు అనుమానించాల్సింది లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రంలోని క్రిమి కాలి పగుళ్ల గుండా లోపలికి వెళ్తుంది. డెల్టా పొలాల్లో నాట్లు వేసేవాళ్లకీ ఇదే ప్రమాదం. మామూలు కామెర్లలో, కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీపీటీ వేలల్లోకి పోతుంది. ఇక్కడ పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ బాగా పెరిగినా ఎస్‌జీపీటీ వందల్లోనే ఆగుతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. రిపోర్టులో ఈ మూడూ ఒకచోట కనిపిస్తే పసరు తాగి కూర్చోవడానికి వ్యవధి లేదు. ముదిరితే ఊపిరితిత్తుల్లో రక్తస్రావం అవుతుంది. తీవ్రంగా ఉంటే పెన్సిలిన్ గానీ సెఫ్ట్రయాక్సోన్ గానీ 7 రోజులు ఇస్తారు. మొదటి వారంలో ఐజీఎం (ఈ క్రిమి మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల) పరీక్ష నెగెటివ్ రావచ్చు, అందుకని మందు ఆపరు.

దీనికి తోడు స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుట్టిన చోట సిగరెట్ చుర్రుమనిపించినట్టు నల్లటి పొక్కు కడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు. చంక, గజ్జ, రొమ్ముల కింద, మొలతాడు కట్టుకునే చోట, చెవి వెనక వెతకాలి. ఐసీయూలో పడుకోబెట్టిన మనిషిని బట్టలు తీసి ఒక్కసారి తిప్పి చూస్తే వ్యాధి దొరికిపోయే సందర్భాలు ఇవి. మెరోపెనెమ్ ఎన్ని రోజులిచ్చినా ఈ క్రిమి మీద పనిచేయదు, చవగ్గా దొరికే డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు నరం ద్వారా డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే, ఒక్కోటి విడిగా ఇచ్చినదానికన్నా మేలని మన దేశంలోనే చేసిన అధ్యయనం 2023లో తేల్చింది. ఆ పొక్కు మీకు కనిపిస్తే ఫోన్లో ఫొటో తీసి డ్యూటీ డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: వెంటిలేటర్ పెడితే ఇక తిరిగిరారంటారు. చనిపోయాక కూడా బిల్లు కోసం దాని మీదే ఉంచుతారనీ అంటారు. నమ్మాలా?
— పాఠకుడు, మంగళగిరి

జవాబు: రెండో మాటతో మొదలుపెడదాం. గుండె ఆగిన మనిషికి వెంటిలేటర్ గాలి కొట్టగలదు, ఛాతీ లేస్తుంది, కానీ రక్తం తిరగదు. మానిటర్ మీద గీత చదునవుతుంది, వేలికి పెట్టిన క్లిప్పు దగ్గర అల మాయమవుతుంది, యూరిన్ బ్యాగులోకి చుక్క రాదు, కొన్ని గంటల్లో ఒళ్లు చల్లబడి బిగుసుకుంటుంది. అలాంటి దేహాన్ని రోజుల తరబడి ‘నడిపించడం’ ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అనుమానముంటే లోపలికి వెళ్లి మణికట్టు దగ్గర నాడి పట్టి చూడండి. బ్యాగులో మూత్రం ఎంతుందో చూసి రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. ఆ రోజు బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆక్సిజన్, ఆమ్లం చూసే పరీక్ష) రిపోర్టు, దాని మీద టైముతో సహా, అడగండి. బ్రెయిన్ డెత్, అంటే మెదడు పూర్తిగా చనిపోవడం, వేరే సంగతి. అందులో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. 1994 అవయవ మార్పిడి చట్టం కింద నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి.

అయినా ఈ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. రోజుకు ఒక్క నిమిషం మాట్లాడి, సాయంత్రానికి బిల్లు చేతిలో పెడితే ఎవరికైనా పుడుతుంది. పద్దులవారీ బిల్లు ఏ రోజుకారోజు అడగండి. కేస్ షీటు నకలు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి నిబంధన ఉంది. వాటిని ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే చేర్చిన రోజే ఆ కౌంటరు దగ్గర నమోదు చేయించండి, 104కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. వారం తర్వాత గుర్తొస్తే అప్పటిదాకా కట్టింది తిరిగి రాబట్టడం కష్టం.

ఇక మొదటి మాట. వెంటిలేటర్ జబ్బు తగ్గించదు, తగ్గేదాకా ఊపిరి ఆడిస్తుంది. సెప్సిస్‌లో ఊపిరితిత్తులు నీరు పట్టిన స్పాంజిలా అయిపోతాయి. వాటిలోకి గాలి ఎక్కువ కొడితే మిగిలిన కాస్త మంచి భాగం కూడా చిరుగుతుంది. అందుకే పెట్టేముందు టేపుతో మనిషి పొడవు కొలుస్తారు. ఊపిరితిత్తి సైజు పొడవును బట్టే ఉంటుంది, బరువును బట్టి కాదు. 165 సెం.మీ. మగమనిషికి లెక్క ప్రకారం బరువు 61.5 కిలోలు, కిలోకి 6 మి.లీ. చొప్పున ఒక్కో శ్వాసకు 370 మి.లీ. అసలు బరువు 85 కిలోలైనా అంతే. 155 సెం.మీ. ఆడమనిషికి 290 దగ్గర. ‘పొడవు కొలిచారా?’ అన్న మీ ప్రశ్న చిన్నదే, ఆ ఐసీయూ ఎలా పనిచేస్తుందో మాత్రం చెప్పేస్తుంది. ఆక్సిజన్ అందనప్పుడు రోజుకు 12 నుంచి 16 గంటలు బోర్లా పడుకోబెడతారు. మొహం వాచి, చెంప మీద పుండు పడొచ్చు. భయపడాల్సింది దానికి కాదు, గొట్టం జారిపోవడానికి. తిప్పేటప్పుడు నలుగురైదుగురు ఉండేది అందుకే.

ఎంతమంది బయటపడతారన్నది వెంటిలేటర్‌ను బట్టి కాదు, ఎన్ని అవయవాలు ఆగాయి, మూలం తీయగలిగారా, మనిషి అంతకుముందు ఎంత గట్టిగా ఉన్నాడు అన్నవాటిని బట్టి ఉంటుంది.

ప్రశ్న: డయాలసిస్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతమేనా?
— పొన్నూరు

జవాబు: సెప్సిస్‌లో ఆగిన కిడ్నీ చాలావరకు నిద్రపోయినట్టే, చచ్చినట్టు కాదు. బతికి బయటపడినవాళ్లలో ఎక్కువమందికి వారాల్లో మూత్రం మళ్లీ మొదలవుతుంది. ముందే షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ అవకాశం తక్కువ. మూడు నెలలు గడిచేదాకా ‘శాశ్వతం’ అనరు. క్రియాటినిన్ 5 ఉందనో 6 ఉందనో ఆ ఒక్క అంకెకే డయాలసిస్ చేయరు. పొటాషియం 6.5 దాటి మందులకు దిగకపోతే, రక్తంలో ఆమ్లం పెరిగిపోతే, ఊపిరితిత్తుల్లో నీరు నిండితే, యూరియా పెరిగి మగత వస్తే చేస్తారు. బీపీ నిలవనివాళ్లకు నెమ్మదిగా, ఆరు నుంచి పన్నెండు గంటలు చేస్తారు. 24 గంటలూ నడిచే ఖరీదైన పద్ధతితో ఎక్కువమంది బతికారని తేలలేదు. అది లేదని ఊరు మార్చనక్కర్లేదు. ఇంటికొచ్చాక నడుం నొప్పికని డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు మింగకండి, కిడ్నీకి మళ్లీ దెబ్బ.

ప్రశ్న: ట్యూబులో పోయడానికి ఇంటి నుంచి రాగిజావ, కొబ్బరినీళ్లు తేవచ్చా?
— గుణదల, విజయవాడ

జవాబు (నర్స్): కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, మూత్రం రాని మనిషికి అసలు వద్దు. రాగిజావ చల్లారితే చిక్కబడి రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టకు వేసిన గొట్టం) మూసుకుపోతుంది, పలచన చేస్తే అందులో బలం ఉండదు. 60 కిలోల మనిషికి రోజుకు కనీసం 70 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గ్లాసు జావలో రెండు మూడు గ్రాములు కూడా ఉండవు. అందుకే పొడి కలిపిన ఫీడ్ ఇస్తాం. ఇంటిది తప్పదంటే డైటీషియన్ రాసిచ్చినట్టు చేసి, పలచటి గుడ్డలో వడకట్టి, రెండు గంటల్లోపు వాడేలా తెండి. పోసేటప్పుడు తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలి. మీరు చూడటానికి వచ్చినప్పుడు ‘హాయిగా పడుకోనీ’ అని మంచం చదును చేయకండి, ఫీడ్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రశ్న: అత్తయ్య స్పృహలోకి వచ్చారు గానీ, రాత్రిళ్లు ‘గోడ మీద పురుగులు పాకుతున్నాయి, నన్ను కోసేస్తారు’ అని అరుస్తున్నారట. చేతులు కట్టేశారు. దిష్టి తీయించమంటున్నారు. మతి పోయిందా?
— నరసరావుపేట

జవాబు (నర్స్): మతి పోలేదు, దీన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, నిద్రలేమి, మత్తుమందులు, రాత్రీపగలూ వెలిగే లైట్లు అన్నీ కలిసి తెచ్చేది. చాలామందికి రోజుల్లో తగ్గుతుంది. మౌనంగా గోడ వంక చూస్తూ ఉండే రకం కూడా ఉంది. అరిచే రకం కన్నా అదే ఎక్కువమందికి వస్తుంది, ఎవరూ గుర్తించరు. ఆవిడ కళ్లజోడు, చెవి మిషను తెచ్చి ఇవ్వండి. అవి బీరువాలో పెట్టి వస్తారు, కళ్లు కనబడని మనిషికి గోడ మీది మరక పురుగులాగే కనబడుతుంది. వెళ్లిన ప్రతిసారీ ఇవాళ ఏ వారం, టైమెంత, ఎక్కడున్నారు, మీరెవరు అన్నది చెప్పండి. వాదించొద్దు. చేతులు కట్టడం ట్యూబులు లాగేయకుండా చేసే తాత్కాలిక ఏర్పాటు. మీరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే విప్పగలమేమో అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటాం. దిష్టి తీస్తే అభ్యంతరం లేదు, నిప్పు మాత్రం లోపలికి తేకండి. ఆక్సిజన్ ఉంటుంది.

ప్రశ్న: మూడు అవయవాలు ఆగిపోయాయి, ఇక లాభం లేదు, కావాలంటే తీసుకెళ్లండి అన్నారు. దారిలో గొట్టం తీసేయడం పాపం కాదా? వేరే మార్గం లేదా?
— పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉంది. అంబులెన్సులో బెలూన్ నొక్కుతూ వెళ్లి గుమ్మం ముందు గొట్టం తీయడం అన్నిటికన్నా బాధాకరమైన పద్ధతి, ఆయాసానికి మందిచ్చేవాళ్లు ఉండరు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పు, 2023 జనవరి 24న దాన్ని సులభం చేసిన ఉత్తర్వు ప్రకారం, కోలుకునే ఆశ లేనప్పుడు ఆసుపత్రిలోనే ప్రాణాధార చికిత్స ఆపవచ్చు. చికిత్స చేసే డాక్టరుతో పాటు కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు మొదటి బోర్డు. జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉండే రెండో బోర్డు దాన్ని ఖాయపరచాలి. ఒక్కో బోర్డు వీలైనంత వరకు 48 గంటల్లో తేల్చాలి. కుటుంబం సమ్మతి రాతలో ఉండాలి, మేజిస్ట్రేటుకు ఆసుపత్రి తెలియజేస్తుంది. మిషన్లు తీసినా మనిషిని వదిలేయరు. ఆయాసానికి, నొప్పికి మార్ఫిన్ ఇస్తారు, ఇంటివాళ్లు పక్కన ఉండొచ్చు. కొత్తగా డయాలసిస్, గుండె నొక్కడం లాంటివి మొదలుపెట్టకుండా ఉన్నవాటితో ఆగడం ఇంకో దారి. దాని గురించీ మాట్లాడండి.

ప్రశ్న: 22 రోజులు ఐసీయూలో ఉండి ఇంటికొచ్చాను. వయసు 41. బాత్రూం దాకా కూడా నడవలేకపోతున్నాను. ఇప్పుడు జుట్టు కూడా కుచ్చులుగా ఊడుతోంది.
— చిలకలూరిపేట

జవాబు (ఫిజియోథెరపిస్ట్): కదలకుండా పడుకున్నప్పుడు కండ కరిగిపోతుంది, సెప్సిస్‌లో ఇంకా వేగంగా. మొదట తొడలు పోతాయి, అందుకే కుర్చీలోంచి లేవడమే కష్టం. అక్కడే మొదలుపెట్టండి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, సీటు మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచండి. చేతుల ఊతతో అయిదుసార్లు లేచి కూర్చోండి, రోజుకు మూడు పూటలు. వారం తిరిగేసరికి ఊతం లేకుండా లేవగలిగితే దిండు తీసేయండి. ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతే ఆపాలి. మర్నాటికి కూడా తేరుకోకపోతే నిన్న ఎక్కువ చేశారని లెక్క, సగానికి తగ్గించండి. పూటకో గుడ్డో, గట్టి పప్పో, పెరుగో ఉండాలి, చారన్నంతో కండ రాదు. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది.

జుట్టు ఊడటం పెద్ద జ్వరాల తర్వాత రెండు మూడు నెలలకు మామూలే, మళ్లీ వస్తుంది, నూనెలకు డబ్బు తగలేయకండి. మింగేటప్పుడు దగ్గు వస్తున్నా, గొంతు బొంగురు తగ్గకపోయినా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, గొట్టం రాసుకున్న చోట వాపు ఉండొచ్చు. డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లి బీపీ, షుగర్ మందుల పాత మోతాదులు ఇప్పటి బరువుకు, ఇప్పటి క్రియాటినిన్‌కు సరిపోతాయో లేదో ఒకసారి సరిచూపించుకోండి. మొదటి మూడు నెలల్లో చలిజ్వరం వస్తే మాత్రలు వేసి చూద్దామనుకోవద్దు. అదే రోజు వెళ్లి, ‘నాకు ఈమధ్యే సెప్సిస్ వచ్చింది’ అని చీటీ రాయించుకునే కిటికీ దగ్గరే చెప్పండి.